పోలిక లేనిదే నమ్మని క్లెమ్ పెంగిలీ

క్లెమ్ పెంగిలీ ఏ వస్తువునీ ఒంటరిగా నమ్మడు. ఇది బాగుంది అని మీరంటే, బాగోలేనిదొకటి తెచ్చి దాని పక్కన పెట్టాలి. ఫలానా మందుకి దగ్గు తగ్గింది అంటే, ఆ మందు మింగనివాడి దగ్గు ఎన్నాళ్లుందో చెప్పాలి. మాటవరసకి "ఇవాళ ఎండ మండిపోతోంది" అన్నా సరే, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని "దేనితో పోలిస్తే?" అని అడుగుతాడు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడుగుతాడు. అందుకే ఆయన మీద ఎవరికీ పూర్తిగా కోపం రాదు, పూర్తిగా రాకుండానూ ఉండదు.

ఒక వేసవంతా ఎండకి రాసుకునే క్రీము ఎడమచేతికి మాత్రమే రాసుకుని సెమఫోర్ బీచిలో తిరిగాడు. ఫిబ్రవరి వచ్చేసరికి ఎడమచెయ్యి పెళ్లికూతురి చెయ్యిలా ఉంది, కుడిచెయ్యి పొక్కులు లేచి మగ్గిన టమాటాలా ఉంది. చర్మం డాక్టరు చూసి, ఇంత చదువుకున్నవారు మీకిదేం పోయేకాలం అని తిట్టింది. క్లెమ్ చాలా సీరియస్‌గా, ఫలితం తను కూడా ఒప్పుకోవడం లేదనీ, కారు నడిపేటప్పుడు కుడిచెయ్యి కిటికీ వైపు ఉంటుంది కాబట్టి లెక్కలో ఆ దోషం ఉందనీ, వచ్చే ఏడు చేతులు మార్చి మళ్లీ చూస్తాననీ చెప్పాడు. వచ్చే ఏడు ఆయన భార్య వెర్నా బీచికి వెళ్లే ముందు ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, గోడకి సున్నం వేసినట్టు ఒళ్లంతా క్రీము వేసి పంపింది.

వెర్నా అంతకంటే గట్టి దెబ్బే ఒకటి తిని ఉంది. పెళ్లికి ముందు మాట. ఇద్దరూ సముద్రం మీది చెక్క వంతెన చివర కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. ఆవిడ సిగ్గు చంపుకుని, నేనంటే నీకు ఇష్టమేనా అని అడిగింది. క్లెమ్ ఆలోచించి, "దేనితో పోలిస్తే?" అన్నాడు. ఆవిడ ఐస్‌క్రీమ్ సముద్రంలోకి విసిరేసి ట్రామ్ ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే క్లెమ్ వాళ్ల గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నువ్వు వెళ్లిపోయాక అక్కడే ఇంకో గంట కూర్చున్నాను, నువ్వున్న గంటతో పోలిస్తే అది మహా ఘోరంగా ఉంది, కాబట్టి ఇష్టమే అని నివేదించాడు. ఈ కథ వెర్నా ప్రతి క్రిస్మస్ భోజనంలోనూ చెబుతుంది. చెప్పినప్పుడల్లా క్లెమ్ కల్పించుకుని, ఆ రెండో గంటలో గాలి కూడా ఎక్కువగా ఉందని గుర్తు చేస్తాడు.

ఇక పెరట్లో టమాటా మళ్లు రెండు. ఒక మడికి రోజూ పొద్దున్నే పాట పాడేవాడు. రెండో మడి దగ్గర నోరు మూసుకుని అంతసేపూ నిలబడేవాడు, లేకపోతే మనిషి నీడ వల్ల తేడా వస్తుందట. రెండు మళ్లూ ఒక్కలాగే కాశాయి. పాటకి ఫలం లేదని ఆయన తేల్చేసి బంధువులందరికీ చెప్పాక వెర్నా నోరు విప్పింది. పాపం ఆ రెండో మడి ఏం పాపం చేసిందని, ఆయన పనికి వెళ్లగానే ఆవిడ వెళ్లి దానికి పాడుతోందట. క్లెమ్ చాలా రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, చివరికి ఒక రాత్రి భోజనాల దగ్గర, దానికి ఏ పాట పాడావు అని అడిగాడు.

ఇలాంటి మనిషికి అడిలైడ్ ఊళ్లో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు జీతమిచ్చి మరీ ఒక ల్యాబ్ అప్పగించారంటే కారణం ఉంది. బయట పిచ్చి అనిపించుకునేది ఆ వృత్తిలో పద్ధతి అనిపించుకుంటుంది. ఏ ప్రయోగం చేసినా పక్కన ఇంకొకటి పెట్టాలి, దాంట్లో అన్నీ ఉండాలి, మనం పరీక్షించే ఆ ఒక్కటీ ఉండకూడదు. ల్యాబ్‌లో దాన్ని 'రెండోది' అనేవాళ్లు. మిగతా ప్రొఫెసర్లు ఒక రెండోదితో తృప్తిపడతారు. క్లెమ్‌కి రెండోదానికి కూడా రెండోది కావాలి.

టెస్సా లింకీ ఆ ల్యాబ్‌లో పిహెచ్‌డికి చేరింది. బరోసా లోయలో ద్రాక్షతోటల వాళ్ల పిల్ల, మాట పదును, నడక వేగం, కోపం ముక్కు మీద. మొదటి రోజే క్యాంటీన్‌లో క్లెమ్ తన కోసం రెండు పేస్టీలు తెచ్చుకోవడం చూసింది. మాంసం, బంగాళాదుంప కూరిన ఆ కాల్చిన మడతల్లో ఒకదాని మీద టమాటా సాసు పోసుకున్నాడు, ఒకదాని మీద పోసుకోలేదు. ఒక ముక్క ఇందులోంచి, ఒక ముక్క అందులోంచి తింటున్నాడు. "సాసు బాగుందా?" అని టెస్సా మర్యాదకి అడిగింది. పక్కనే ఉన్న హాన్ తల పట్టుకుంది. తరవాత ఆ సంభాషణ క్యాంటీన్ మూసేదాకా సాగింది. హాన్ ఆ ల్యాబ్‌లోనే పిహెచ్‌డి చేసి, అక్కడే స్థిరపడి, ల్యాబ్ నడిపే వియత్నామీ ఆవిడ. ఇలాంటివి ఎన్నో చూసింది కాబట్టి, క్లెమ్‌ని రుచుల సంగతి ఎప్పుడూ అడక్కు అని టెస్సాకి ఆరోజే బుద్ధి చెప్పింది.

ఆ ల్యాబ్ వాళ్లకి అన్నం పెట్టేది ఆర్.ఎన్.ఎ. గాజులు. కణంలో ఏ పని జరగాలన్నా అసలు గ్రంథంలోంచి, అంటే డి.ఎన్.ఎ.లోంచి, ఆ భాగానికి ఒక నకలు తీస్తారు. ఆ నకలు పట్టీలాగా పొడుగ్గా ఉంటుంది, దానికో మొదలు, ఒక చివర. పని అయిపోయాక చివర్నించి కొరుక్కుంటూ వచ్చి దాన్ని మాయం చేసేవాళ్లు కణంలోనే ఉంటారు. ఎప్పుడైనా ఒక ముక్క చివర తన మొదలుకే అతుక్కుపోతే చేతిగాజులా గుండ్రమవుతుంది. చివరే లేకపోయాక కొరికేవాళ్లు ఎక్కడ పన్ను పెడతారు? అది అలా చాలాకాలం ఉండిపోతుంది. ఈ గాజుల్ని పండితులు ఏళ్ల తరబడి పొరబాటున పుట్టిన చెత్త అనుకున్నారు. తరవాత తెలిసిందేమిటంటే, వీటిల్లో కొన్ని పక్కన కూర్చుని, కణంలో తిరిగే కబుర్లని కొన్నిచోట్ల ఆపుతున్నాయి, కొన్నిచోట్ల తోస్తున్నాయి. ఏది నిజంగా పని చేస్తోంది, ఏది ఊరికే కూర్చుంది అన్నదే ఆ లోకంలో తగువంతా.

టెస్సా ఎంచుకున్నది ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడిపోయే జబ్బు. మామూలుగా గాయమైతే 'మచ్చ కట్టండి' అని కణం గోడ దగ్గర్నించి లోపలికి ఒక కబురు వెళుతుంది. గాయం మానాక ఆ కబురు ఆగాలి. ఈ జబ్బులో ఆగదు. మచ్చ మీద మచ్చ కట్టి, మనిషికి ముందు మెట్లెక్కడం కష్టమవుతుంది, తరవాత చొక్కా తొడుక్కున్నా ఆయాసమొస్తుంది. అలాంటి ఊపిరితిత్తుల్లో ఒక గాజు గంపలకొద్దీ ఉంటుందని టెస్సా కనిపెట్టింది. దొంగతనం జరిగిన ఇంట్లో పొద్దస్తమానూ కనబడేవాణ్ణి అనుమానించినట్టు, ఆ గాజునే అనుమానించింది. కబురు ఆపాల్సిన చిన్న చిన్న ఆర్.ఎన్.ఎ.లని ఈ గాజు మింగేస్తోంది, అందుకే కబురు ఆగడం లేదు అని ఆమె వాదన. గాజుని మాత్రం పట్టుకుని తుంచే ఒక కత్తెర తయారుచేయించింది. కత్తెర వేసిన కణాల్లో మచ్చ కట్టడం ఆగిపోయింది.

ఆ రోజు టెస్సా ల్యాబ్‌లో గెంతులేసింది. మూడేళ్ల కష్టం అది. ఆ ఫలితం అచ్చయితే మెల్‌బోర్న్‌లో ఒక ఉద్యోగం ఖాయం, అక్కడి ప్రొఫెసర్ నోటితో చెప్పేసింది కూడా. స్కాలర్షిప్ సంవత్సరాంతానికి అయిపోతుంది, కాబట్టి ఆ ఉద్యోగం రాకపోతే తోటకి తిరిగి వెళ్లి నాన్నతో కలిసి ద్రాక్షతీగలు కత్తిరించుకోవడమే. పైగా ఒక మందుల కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, ఆ గాజుని తుంచే మందు తయారుచేస్తే ఎలా ఉంటుందని ఆరా తీశారు. టెస్సా వాళ్ల నాన్న పక్కతోటల వాళ్లందరికీ, మా అమ్మాయి ఊపిరితిత్తుల జబ్బుకి మందు కనిపెట్టేసింది అని చెప్పి రెండు వైను సీసాలు ఇప్పేశాడు.

శుక్రవారం సమావేశంలో టెస్సా బొమ్మలన్నీ తెరమీద చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. క్లెమ్ కూడా కొట్టాడు, చాలాసేపు కొట్టాడు. తరవాత కళ్లజోడు నుదుటి మీదికి వెళ్లింది.

"దేనితో పోలిస్తే?"

టెస్సా దీనికి సిద్ధపడే వచ్చింది. కత్తెర వెయ్యని కణాలు చూపించింది. దేన్నీ తుంచని మొండి కత్తెర వేసిన కణాలు చూపించింది. దాంతో అయిపోయిందని లైటు వెయ్యబోయింది.

"కూర్చో అమ్మాయ్, చిన్న సందేహం" అన్నాడు క్లెమ్. "నీ కత్తెర గాజుని ఎలా గుర్తుపడుతుంది?"

"అతుకు దగ్గర. చివర వచ్చి మొదలుని కలిసిన చోట. ఆ అతుకు గాజుకి తప్ప ఇంకెవరికీ ఉండదు కదా."

"అతుకు ఇంకెవరికీ లేకపోవచ్చు. కానీ ఆ అతుక్కి ఇటు సగం, అటు సగం ఉన్నాయే, ఆ రెండు సగాలూ గాజవ్వని మామూలు పట్టీలో కూడా ఉంటాయి. నీ కత్తెరకి సగం దొరికితే చాలేమో. అది గాజుతోపాటు పట్టీని కూడా తుంచుతుంటే?"

గదిలో అందరూ బల్లకేసి చూశారు. క్లెమ్ మాత్రం ఉత్సాహంగా, ఇంకో రెండు కత్తెరలు చేయించమన్నాడు. ఒకదాంట్లో కుడి సగం చెడగొట్టాలి, ఒకదాంట్లో ఎడమ సగం చెడగొట్టాలి. అవి గాజుని ముట్టుకోవు. వాటితో కూడా మచ్చ ఆగిందంటే, ఆపింది గాజు పోవడం కాదన్నమాట. ఈ మాట ఎవరూ అడగరు, ఇది లేకుండానే లోకమంతా పేపర్లు అచ్చేసుకుంటోంది అని టెస్సా దెబ్బలాడింది. వాళ్లు అడగకపోవడం నిజమేనని క్లెమ్ ఒప్పుకుని, కత్తెరలు ఎప్పుడొస్తాయని అడిగాడు.

కత్తెరలు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో టెస్సా ఆయనతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఈయనకి మనుషులు అక్కర్లేదు, పోలికలే కావాలి, నా బతుకు కూడా ఈయనకొక టమాటా మడి అని హాన్ దగ్గర గొణిగేది. హాన్ నవ్వి ఊరుకునేది. ఒకరోజు టెస్సాకి కసి పుట్టింది. క్లెమ్‌కి రోజూ రెండు కప్పుల టీ అలవాటు, ఒకటి చక్కెరతో, ఒకటి చక్కెర లేకుండా. ఆ రోజు రెండూ చక్కెర లేకుండా చేసి, కిక్కురుమనకుండా ఆయన బల్లమీద పెట్టి వచ్చింది.

క్లెమ్ ఒకటి చప్పరించాడు, ఇంకొకటి చప్పరించాడు, మళ్లీ మొదటిది. చాలాసేపు పరీక్షించి, ఎడమవైపు కప్పు కచ్చితంగా తియ్యగా ఉందని తేల్చాడు. టెస్సా వెళ్లి నిజం చెప్పేసింది. మొహం ఎలా పెడతాడో చూద్దామని చెప్పింది. క్లెమ్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. లేచి వరండాలోకి వెళ్లి కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు, లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాడితో సహా.

"చూశావా, నాలుకకి ఏది కావాలంటే అదే రుచి తగిలింది. ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను కదా, మనిషిని నమ్మకూడదు. అందులో నన్నసలు నమ్మకూడదు."

ఎవరినైనా కసితో గిల్లితే వాళ్లకి నొప్పి పుట్టాలి. ఈయన సంబరపడిపోయాడు. టెస్సాకి ఒళ్లు మండిపోయింది. అయినా మర్నాటి నుంచీ టీ సరిగ్గానే పెట్టింది.

కత్తెరలు వచ్చాయి. టెస్సా తలుపు వేసుకుని ప్రయోగం చేసింది. కత్తెర పెట్టేముందు మనసులో ఎవరెవరికో మొక్కుకుంది కూడా. ఒక ఉదయం సూక్ష్మదర్శిని దగ్గర కూర్చున్నది ఎంతకీ లేవలేదు. ఎడమ సగం చెడగొట్టిన కత్తెర వేసినచోట గాజులన్నీ క్షేమంగా ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు. అయినా మచ్చ కట్టడం ఆగిపోయింది. క్లెమ్ అన్నట్టే ఆ కత్తెర మామూలు పట్టీని తుంచుతోంది. మచ్చ ఆగింది పట్టీ పోవడం వల్ల. ఆ పట్టీ మచ్చ కట్టిస్తుందన్న సంగతి ఎప్పుడో తెలిసినదే, అందులో కొత్తేమీ లేదు. మూడేళ్లుగా దొంగ దొంగ అని ఆమె వేలెత్తి చూపించిన గాజు మీద ఇప్పుడు సాక్ష్యమే లేదు.

ఆ కాగితాలు పట్టుకుని క్లెమ్ గదికి వెళ్లింది. ఆయన అన్నీ చూశాడు, వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. నేను చెప్పలేదూ అంటాడని టెస్సా పళ్లు బిగించుకుని నిలబడింది. అననందుకు ఇంకా ఏడుపొచ్చింది.

"మెల్‌బోర్న్ వాళ్లకి ఏం చెబుతావు?"

"ఉన్నదే చెబుతాను. మీ ల్యాబ్‌లో ఇంకేం చెప్పనిస్తారు?"

క్లెమ్ ఏదో అనబోయాడు. నోరు తెరిచి, మూసి, కిటికీలోంచి బయటికి చూసి, భోజనం చేశావా అని అడిగాడు. లేదని టెస్సా చెబితే, చెయ్యి, రేపు మాట్లాడదాం అని లేచి వెళ్లిపోయాడు. చావు జరిగిన ఇంటికొచ్చి వాతావరణం గురించి అడిగినట్టుంది ఆమెకి. ఆ సాయంత్రం మెల్‌బోర్న్‌కి నిజం రాసి పంపించేసింది. బరోసాకి ఫోన్ చేసి, నాన్నా ఇంక సీసాలు ఇప్పకు అని చెప్పింది.

మర్నాడు ఆమె బల్ల సర్దుకుంటుంటే హాన్ వచ్చింది. ఇటు రా అని చెయ్యి పట్టుకుని, కణాలు పెంచే వెచ్చని పెట్టె దగ్గరికి తీసుకెళ్లింది. అట్టడుగు అరలోంచి ఒక పళ్లెం తీసి వెలుతురుకి పట్టి చూపించింది. పళ్లెం మూత మీద క్లెమ్ కోడికెలుకుడు రాతలో టెస్సా పేరుంది.

"ఇదేమిటి? నేను పెట్టలేదే."

"ఆయన పెట్టాడు. నువ్వు ఆ గాజుని అనుమానించిన వారంలోనే మొదలుపెట్టాడు. నీ గాజు అసలు తయారవ్వకుండా చేసిన కణాలివి. కత్తెరా లేదు, ఏమీ లేదు. పట్టీని గాజులా వంచే కొక్కేలు రెండుంటాయి చూడు, గ్రంథంలోనే ఒక కొక్కెం ఊడబీకేశాడు. పట్టీ పట్టీలాగే ఉంటుంది, గాజు మాత్రం పుట్టదు. ఎన్నిసార్లు చచ్చాయో. ఆదివారాలొచ్చి మళ్లీ మొదలెట్టేవాడు. పోయిన నెలకి నిలదొక్కుకున్నాయి."

టెస్సా పళ్లెం చేతిలోకి తీసుకుని మూత మీది తన పేరు మళ్లీ చదువుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది చివరికి.

"నేనూ అదే అడిగాను. రెండోది ఉందని తెలిస్తే మొదటిదాని కోసం ఎవరూ ప్రాణం పెట్టరన్నాడు. దీంట్లో ఏముందో ఆయన కూడా చూడలేదు, చూస్తే నీది కాకుండా పోతుందట. నిన్న చెబుదామనుకుని చెప్పలేకపోయాడట, నన్ను పంపాడు." హాన్ తలుపు మూసి నవ్వింది. "నీ ఒక్కదానికే అనుకోకు. ఇక్కడ చదివిన ప్రతివాళ్లకీ ఒకటి పెట్టాడు. చాలామందికి అవసరం పడదు, వాళ్లకి తెలియనే తెలియదు. నాకూ పడలేదు. నా థీసిస్ ఇచ్చిన రోజు ఏదో పళ్లెం బ్లీచ్ పోసి కడుగుతున్నాడు, దాని మీద నా పేరుంది. అడిగితే, ఇంక అక్కర్లేదుగా అన్నాడు."

టెస్సా క్లెమ్ గదికి పరుగెత్తింది. ఆయన లేడు. కావాలనే లేడు.

తరవాత పని మొదలైంది. కాళ్లావేళ్లా పడితే విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకొన్ని నెలలు స్కాలర్షిప్ పొడిగించారు. మెల్‌బోర్న్ ఉద్యోగం వేరే అతనికి పోయింది. గాజు లేని కణాలకి టెస్సా 'మచ్చ కట్టండి' అనే కబురు పంపింది. గాజు దొంగ అయితే మచ్చ తగ్గాలి. ఉత్త చెత్త అయితే ఏ తేడా ఉండకూడదు. ఈ రెండింట్లో ఏదో ఒకటి చూస్తాననే కూర్చుంది. తీరా చూస్తే ఆ కణాలు రెట్టింపు జోరుగా మచ్చ కట్టడం మొదలుపెట్టాయి.

ముందు తన కళ్లని నమ్మలేదు. కణాలు కొత్తవి లేపి మళ్లీ చేసింది. ఇంకొకరి చేత, ఏ పళ్లెం ఏదో చెప్పకుండా చేయించింది. చివరికి బయట తయారుచేసిన గాజుల్ని ఆ కణాల్లోకి తిరిగి పంపింది. జోరు తగ్గింది. పట్టీని పంపి చూసింది, తగ్గలేదు. క్లెమ్ అడగబోయేవన్నీ ఆయన కంటే ముందు తనే అడుక్కుంది. అన్నీ అయ్యాక తేలిందేమిటంటే, ఆ గాజు ఎవరినీ మింగడం లేదు. కబురు మోసుకుని గ్రంథం దగ్గరికి పరుగెత్తే ప్రోటీన్ ఒకటుంది, ఈ గాజు దాని నడుం పట్టుకుని ఆపుతోంది. జబ్బుపడ్డ ఊపిరితిత్తుల్లో ఇది అన్ని గంపలుండటానికి కారణం, కణం తన దగ్గరున్న బ్రేకులన్నీ కలిపి తొక్కుతోంది. అయినా బండి ఆగడం లేదు, అది వేరే సంగతి. ఆ గాజుని తుంచే మందు తయారుచేసి రోగులకి ఇచ్చి ఉంటే, ఉన్న ఆ కాస్త బ్రేకు కూడా ఊడబీకి ఇచ్చినట్టయ్యేది.

ఆ ఆలోచన వచ్చిన మధ్యాహ్నం టెస్సా కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లి కాసేపు ఎండలో నిలబడింది. చొక్కా తొడుక్కుంటే ఆయాసపడే ఎవరో ముసలాయన కళ్లముందు మెదిలాడు. ఆ కంపెనీ వాళ్లకి తను ఉత్సాహంగా చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చాయి. తరవాత లోపలికి వెళ్లి వాళ్లకి ఫోన్ చేసి, మందు చెయ్యాల్సింది గాజుని తుంచడానికి కాదు, పెంచడానికి అని చెప్పింది. అవతలివాళ్లు ఇంకోసారి చెప్పమన్నారట.

థీసిస్ ఇచ్చేసిన రోజు టెస్సా, క్లెమ్ టోరెన్స్ నది ఒడ్డున గడ్డిలో కూర్చుని పేస్టీలు తింటున్నారు. బ్రిస్బేన్‌లో ఇంకో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల ప్రయాణం. ఎన్ని నెలలుగానో ఆమె ఆ పళ్లెం సంగతి ఎత్తబోవడం, ఆయన మాట మార్చడం జరుగుతోంది. ఈ రోజు తప్పించుకుని వెళ్లడానికి దారి లేదు, ఆయన చేతిలో పేస్టీ ఉంది.

"క్లెమ్, నేను థాంక్స్ చెప్పాలి."

"ఎందుకు? అది దయ కాదమ్మాయ్. పద్ధతి."

"పద్ధతా? సరే అయితే, పద్ధతి ప్రకారమే మాట్లాడదాం." టెస్సా పేస్టీ పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది. "ఇన్నేళ్లూ విద్యార్థులకి చాటుగా రెండోది పెడుతూ వచ్చారు. అది మేలు చేస్తోందో లేదో మీకెలా తెలుసు?"

"మేలు చేస్తుంది. నువ్వే చూశావుగా."

"దేనితో పోలిస్తే?"

క్లెమ్ నములుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"సగంమందికి పెట్టి, సగంమందికి పెట్టకుండా ఉండాల్సింది" అంది టెస్సా. "పెట్టనివాళ్లు ఏమైపోయారో చూడాల్సింది. మీరేమో ప్రతివాళ్లకీ పెట్టుకుంటూ పోయారు. ఇందులో పోలిక ఏది? ఇలాంటి పని నేను చేస్తే నన్ను శుక్రవారం సమావేశంలో నిలబెట్టి ఉప్పూకారం రాసేవారు."

ఆయన ముఖం చూసి టెస్సాకి నవ్వొచ్చింది. పరీక్షలో దొరికిపోయిన పిల్లవాడిలా చెవులు ఎర్రబడ్డాయి. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. నదిలో ఒక నల్లహంస పిల్లల్ని వెంటేసుకుని పోతుంటే అవి వంతెన కిందికి వెళ్లేదాకా చూశాడు.

"ఆ పెట్టనివాళ్ల సగంలో ఎవర్ని వెయ్యమంటావు?" అన్నాడు నెమ్మదిగా. "హాన్‌నా? నిన్నా?"

టెస్సా పక్కన పెట్టిన పేస్టీ మళ్లీ తీసుకుంది. సగం తుంచి ఆయన చేతిలో పెట్టింది.